అంగుళం బోల్టు

ఆ ఉత్తర్వు వచ్చిన ఉదయం త్రిమూర్తులు బల్ల మీద నాలుగు పెన్సిళ్ళు ఉన్నాయి. సాయంత్రానికి ఒక్కటీ లేదు. అటెండరు గోనెసంచీ పట్టుకుని బల్ల బల్ల దగ్గరా ఆగి పెన్సిళ్ళు, స్కేళ్ళు, కంపాసులు అన్నీ అందులో వేయించుకుపోయాడు. నిజానికి నీటి తలుపుల రూపకల్పన కార్యాలయంలో బొమ్మలన్నీ కంప్యూటర్ల మీదికి వెళ్ళి పదిహేనేళ్ళయింది. పెన్సిలుతో చాలామంది చెవి గోక్కునేవారు. త్రిమూర్తులు ఒక్కడే దానితో ఆలోచించేవాడు.

ఉత్తర్వు ఇలా ఉంది: "ఇందుమూలముగా సిబ్బందికి తెలియజేయునది ఏమనగా, బోల్టులు, నట్లు, మరలు, వాషర్ల నమూనాలు ప్రపంచమంతటా కంప్యూటర్లలో సిద్ధముగా లభ్యమగుచున్న ఈ కాలమున, వాటిని ఈ కార్యాలయమున మరల గీయుట మానవశ్రమ దుర్వినియోగముగా పరిగణింపబడును. ఇకమీదట ఏ ఉద్యోగియు బోల్టును గీయరాదు. వెతికి, దిగుమతి చేసుకొని, యథాతథముగా వాడవలెను. దిగుమతి అయిన నమూనాలో ఎట్టి మార్పును చేయరాదు."

డైరెక్టరు చయనులు గారు కొండమీది హోటల్లో మూడు రోజుల సదస్సుకు వెళ్ళి వచ్చాక పుట్టిన ఉత్తర్వు అది. ఆ సదస్సులో ఎవరో ఒక తెర మీద వేలు ఆనించగానే రెండు లక్షల రకాల బోల్టులు వరసగా నిలబడ్డాయట. ఆ దృశ్యం చూశాక చయనులు గారికి రెండు పూటలు అన్నం సయించలేదు. తిరిగొచ్చి సిబ్బందిని సమావేశపరిచి, గీసిన బోల్టు గతమనీ తెచ్చిన బోల్టు భవిష్యత్తనీ చెప్పారు. మర్నాటికి ఆ మాట గేటు మీద బోర్డయింది.

త్రిమూర్తులుకు ఈ ఆఫీసులో ముప్ఫై ఒకటో ఏడు నడుస్తోంది. ఐటీఐలో అతని మేస్టారు మొదటి నెలంతా బోల్టు తప్ప మరేమీ గీయించలేదు. తల వెడల్పు మందానికి ఒకటిన్నర రెట్లు, పైన ఒక నూలు, అంటే అంగుళంలో ఎనిమిదో వంతు. ఆ కొలత అతని బుర్రలోంచి ఎప్పుడో దిగిపోయి కుడి బొటనవేల్లో స్థిరపడింది. మనసు బాగోనప్పుడు ఆ వేలు దానంతటది తొడ మీద నాలుగు పలకల తల ఒకటి గీస్తుంది. ఉత్తర్వు చదువుతున్నప్పుడు కూడా గీసింది. కాని లోపల అతనికి కలిగింది కోపం కాదు. తేలిక. ఇక మీదట తన బొమ్మలో తప్పు దొర్లితే అది తనది కాదు. నిషేధంలో ఇంత విశ్రాంతి ఉంటుందని అతను ఊహించలేదు. ఊహించనందుకు కాదు, ఆ విశ్రాంతి హాయిగా ఉన్నందుకు కాస్త సిగ్గుపడ్డాడు.

ఉత్తర్వు మాటలకే పరిమితం కాలేదు. పదో రోజున పక్క సెక్షనులో ఒకాయన వాషరు గీస్తూ పట్టుబడ్డాడు. పెద్ద వృత్తం, మధ్యలో చిన్న వృత్తం. అది వాషరు కాదని, ఆకలేసి గారె గీసుకున్నానని ఆయన వాదించాడు. విచారణాధికారి క్యాంటీన్ నుంచి మూడు గారెలు తెప్పించి, బయటి చుట్టుకీ లోపలి చిల్లుకీ నిష్పత్తి కొలిచి, నిందితుడి బొమ్మ గారె కన్న వాషరుకే దగ్గరగా ఉందని నివేదిక ఇచ్చాడు. ఆయన్ని రికార్డు గదికి బదిలీ చేశారు. గారెలు సాక్ష్యాలు కాబట్టి ఎవరూ తినలేదు.

ఆ వారమే కాకులతిప్ప నుంచి ఫోను వచ్చింది.

కాకులతిప్ప సముద్రపు ఒడ్డున ఉన్న పల్లె. పొలాల మురుగుకాలువ సముద్రంలో కలిసే చోట తెల్లదొరల కాలపు స్లూయిజు ఒకటి ఉంది. దాని తలుపు పైనుంచి రెండు బోల్టుల మీద వేలాడుతుంది. పాటు తీసినప్పుడు మురుగునీరు దాన్ని తోసుకుని సముద్రంలోకి పోతుంది. పోటు వచ్చినప్పుడు సముద్రమే దాన్ని నెట్టి మూసేస్తుంది. తన దారిని తానే మూసుకునేలా సముద్రాన్ని ఒప్పించిన ఆ తలుపంటే త్రిమూర్తులుకు చిన్నప్పటి స్నేహితుడి మీద ఉండేలాంటి గౌరవం ఉంది.

"ఆయ్, కాకులతిప్ప లస్కరు ఏసుపాదాన్నండి," అన్నది ఫోనులో గొంతు. ఆ తలుపుకు కాపలా అతనే. "ఎడంపక్క బోల్టు తెగిపోయిందండి. కుడిపక్కదాన్ని కూడా ఉప్పు తినేసిందండి. ప్రస్తుతానికి కొబ్బరితాళ్ళతో కట్టానండి. మీరు బొమ్మ పంపిత్తే మా సూరన్న రెండ్రోజుల్లో కొట్టేత్తానన్నాడండి."

సూరన్న కమ్మరి. పాత బోల్టుల మరలు అరిగి నున్నగా అయిపోయాయి కాబట్టి అతనికి కొలతలు దొరకవు. పైగా సంతకం ఉన్న బొమ్మ లేకుండా సర్కారు తలుపుకు మేకు కూడా కొట్టకూడదు. ఏసుపాదం మరోమాట కూడా చెప్పాడు. ఊళ్ళో ఆకుమళ్ళు పోసేశారు. అందులో తన అరెకరానికి చాలిన నారు కూడా ఉంది. వచ్చే పౌర్ణమి పోటుకు తాళ్ళు ఆగవు. ఉప్పునీరు ఒక్కసారి లోపలికి వస్తే ఈ ఏటికి నాట్లు లేనట్టే.

త్రిమూర్తులు గడియారం చూశాడు. బోల్టు గీయడానికి పన్నెండు నిమిషాలు పడుతుంది. తర్వాత కిటికీలోంచి గేటు మీది బోర్డు చూశాడు. బోల్టు వెతకడం మొదలుపెట్టాడు.

వెతకడానికి తొమ్మిది రోజులు పట్టింది. ఇంటర్నెట్లో బోల్టులు లేక కాదు. మంచాల బోల్టులు, విమానాల బోల్టులు, మనిషి తుంటి ఎముకలో వేసే బోల్టులు, అన్నీ ఉన్నాయి. కాని ప్రతి కంపెనీ బోల్టు ఇచ్చే ముందు అతనెవరో చెప్పమంది. పేరు, హోదా, సంస్థ ఆశయం రాయమంది. రోబో కాదని నిరూపించుకోమని తొమ్మిది ఫొటోలు చూపించి, ట్రాఫిక్ లైట్లు ఎక్కడున్నాయో గుర్తుపట్టమంది. రెండుసార్లు తప్పాడు. మూడోసారి నొక్కేముందు, ముప్ఫై ఏళ్ళ సర్వీసు తర్వాత ఈ ప్రశ్నకు జవాబు అంత తేలికేమీ కాదనిపించి చెయ్యి కాసేపు ఆగింది. ఏటా ఎన్ని వేల బోల్టులు కావాలని అడిగిన గడిలో రెండు అని రాశాడు. అప్పటినుంచి ఎక్కడో బెంగుళూరులో ఒకమ్మాయి రోజూ మధ్యాహ్నం ఫోను చేసి, రెండంటే రెండు వేలా, రెండు లక్షలా అని మర్యాదగా అడిగేది.

ఆఖరికి ఒక విదేశీ కంపెనీ దగ్గర అంగుళం మందం, ఎనిమిదంగుళాల పొడవు, నాలుగు పలకల తల ఉన్న పాతకాలపు బోల్టు దొరికింది. త్రిమూర్తులు దాన్ని దిగుమతి చేసి కాకులతిప్ప తలుపు బొమ్మలో పెట్టాడు. తెర మీది తలుపు మాయమైంది.

మాయమవలేదని కాసేపటికి తెలిసింది. బోల్టు వెనక ఉంది. ఆ కంపెనీ బోల్టు మిల్లీమీటర్లలో ఉంది, పాత తలుపు బొమ్మ అంగుళాల్లో ఉంది. అంగుళానికి మిల్లీమీటర్లు ఇరవై అయిదు చిల్లర. ఆ ఇరవై అయిదు చిల్లరనీ కంప్యూటరు అంగుళాలుగా చదువుకుంది. రెండడుగుల మందం, పదిహేడు అడుగుల పొడవు ఉన్న బోల్టొకటి ఆరడుగుల తలుపు మీద తాటిమొద్దులా పడుకుని ఉంది. దాన్ని తగ్గించడానికి ఒక్క ఆదేశం చాలు. మూడు క్షణాల పని. త్రిమూర్తులు వేలు ఆ మీట మీదికి వెళ్ళింది. "ఎట్టి మార్పును చేయరాదు" అన్న మాట గుర్తొచ్చి వెనక్కి వచ్చింది. రికార్డు గదిలో గారె గీసినాయన దగ్గుతున్నది గోడ ఇవతలికి వినబడుతోంది.

అతను ఫైలు పైకి పంపాడు.

కమిటీ కూర్చుంది. చయనులు గారు అధ్యక్షులు. నమూనాల గ్రంథాలయానికి అధికారిగా కొత్తగా నియమితురాలైన హైమవతి మినిట్సు రాస్తోంది. ముప్ఫై ఏళ్ళ ఇంజనీరు, తెలివైన పిల్ల. తెర మీద బోల్టు పడగానే ఆమె కళ్ళు ఒక్కసారి త్రిమూర్తులు కళ్ళను కలుసుకుని కాగితం మీదికి దిగిపోయాయి. ఇద్దరికీ విషయం తెలుసునని ఇద్దరికీ తెలిసింది. ఆ తర్వాత సమావేశమంతా ఆమె తల ఎత్తలేదు.

చయనులు గారు చాలాసేపు బోల్టును చూశారు. ఆయన ముఖంలో ఆశ్చర్యం లేదు. ఒకరకమైన భక్తి ఉంది.

"నమూనా అంతర్జాతీయ ప్రమాణాలకు లోబడినది," అన్నారు. "తలుపు స్థానికమైనది. ఈ రెండింటిలో సర్దుకోవలసినది ఏది?"

ఎవరూ జవాబు చెప్పలేదు కాబట్టి తలుపు సర్దుకోవాలని తీర్మానమైంది. బోల్టుకు తగినట్టు తలుపును ఇరవై అయిదు రెట్లు పెంచితే నూట యాభై అడుగుల వెడల్పు వచ్చింది. తలుపుకు తగిన కాలువ తవ్వితే కాకులతిప్పలో చర్చి, బడి, రెండు వీధులు అడ్డొచ్చాయి. అవి నమూనా ఆధారంగా కట్టినవి కావని, కనుక వాటి స్థితి ప్రస్తుతానికి తాత్కాలికమని రాసుకున్నారు. చివర్లో ఒక వృద్ధ సభ్యుడు చిన్న సందేహం వెలిబుచ్చారు. నూట ఇరవై అడుగుల ఎత్తు తలుపును నెట్టి మూయడానికి నాలుగడుగుల పోటు చాలుతుందా అని. చాలదని లెక్క తేలింది. పోటు ఎత్తును పునఃపరిశీలించి తగు విధముగా సవరించవలసినదిగా సంబంధిత శాఖకు లేఖ రాయాలని నిర్ణయించి బజ్జీలు తెప్పించారు.

అప్పుడు త్రిమూర్తులు చెయ్యెత్తాడు. ఏసుపాదం ఆ పొద్దున మళ్ళీ ఫోను చేశాడు. పౌర్ణమి ఇంకా వారమే ఉంది. ఇది చిన్న కొలతల పొరపాటండీ, మూడు క్షణాల్లో సరిచేస్తాను అన్న వాక్యం అతని నోట్లో సిద్ధంగా ఉంది. పన్నెండు ముఖాలు ఒక్కసారి తనవైపు తిరిగాయి. అతని నోట్లోంచి వచ్చిన వాక్యం వేరు.

"ఈ బోల్టు బిగించడానికి తగిన పానా నమూనా కూడా దిగుమతి చేసుకోవాలి కదండీ?"

చయనులు గారు కుర్చీలో ముందుకు వంగారు. ఇంత దూరదృష్టి ఈ కార్యాలయంలో చాలాకాలం తర్వాత వింటున్నానన్నారు. అది మినిట్సులోకి ఎక్కింది. ఇంటికి వెళ్ళే దారంతా త్రిమూర్తులు ఆ వాక్యం తనలో ఎక్కడ పుట్టిందా అని వెతికాడు. దొరకలేదు. దొరికిందల్లా, చయనులు గారు ముందుకు వంగిన ఆ క్షణంలో తనకు కలిగిన సంతోషం.

ఆ సంతోషమే అతన్ని ఆదివారం దాకా నిద్రపోనివ్వలేదు. ఆదివారం ఉదయం భార్య గుడికి వెళ్ళాక తలుపు గడియ వేసి, కిటికీ తెరలు దించి, ఆమె కుట్టుమిషను సొరుగులోంచి గుడ్డల మీద గుర్తులు పెట్టే పెన్సిలు తీశాడు. క్యాలెండరు కాగితం చించి వెనక వైపు తిప్పాడు. గడియ మరోసారి చూసొచ్చాడు. మొదటి గీత గీశాడు. అంగుళం మందం. ఒకటిన్నర రెట్ల తల, పైన ఒక నూలు. అంగుళానికి ఎనిమిది మరలు. పన్నెండు నిమిషాలనుకున్నాడు, పదకొండే పట్టింది. కింద సంతకం చేసి, ఫొటో తీసి ఏసుపాదానికి పంపాడు. కాగితాన్ని మడిచి బియ్యం డబ్బాలో అడుగున దాచాడు. అతని వయసు యాభై నాలుగు. దొంగతనం ఇంత శుభ్రంగా ఉంటుందని ఈ వయసులో తెలిసింది.

బుధవారం నాటికి సూరన్న రెండు బోల్టులూ కొట్టి ఇచ్చాడు. పౌర్ణమి పోటు వచ్చింది. తలుపు మూసుకుంది. పాటు తీసింది. తెరుచుకుంది.

కథ అక్కడ ఆగేదే. కాని ఏసుపాదం నిజాయితీపరుడు. పక్షానికొకసారి పంపే నివేదికలో "తలుపు బాగున్నది. త్రిమూర్తులు గారు స్వహస్తాలతో బోల్టు గీసి పంపినందున ఊరంతా వారికి కృతజ్ఞతలు చెప్పుచున్నది" అని రాసి, కింద ఇరవై ముగ్గురి చేత సంతకాలు, వేలిముద్రలు వేయించి పంపాడు.

చయనులు గారు త్రిమూర్తులును పిలిచి ఆ కాగితం చూపించారు. కేకలు వేయలేదు. బాధపడ్డారు. ఇంతమంది సాక్షులతో ఒక ఉద్యోగి నేరం రుజువు కావడం తన సర్వీసులో మొదటిసారన్నారు. సస్పెన్షను కాగితం టైపవుతోంది.

దాన్ని ఆపింది హైమవతి. ఆమె ఉత్తర్వును తిప్పి తిప్పి చదివి ఒక మార్గం కనిపెట్టింది. గీయడం నిషేధం గాని, ఉన్న బోల్టును స్కానరుతో తెరమీదికి ఎక్కించడం నిషేధం కాదు. కొత్త స్కానరు మూడు నెలలుగా పెట్టెలోనే ఉంది. కాకులతిప్ప బోల్టును స్కాను చేసి గ్రంథాలయంలో చేర్చేస్తే, ఆ నమూనా అప్పుడు సిద్ధ నమూనా అవుతుంది. త్రిమూర్తులు గీసింది బోల్టు కాక, రాబోయే నమూనాకు ముందస్తు సూచన అవుతుంది. చయనులు గారి ముఖం వికసించింది. మొట్టమొదటి స్వదేశీ నమూనా, అన్నారు.

వరండాలో ఆమె గొంతు తగ్గించి, మీరు గీస్తుంటే చూడాలని ఉంది సార్, నాకెవరూ నేర్పలేదు అంది. త్రిమూర్తులుకు ఆ మాట చాలా బాగుంది. బోల్టు కావాలంటే తలుపులోంచి తీయాలి కదా అన్న ఆలోచన దాని వెనకాల నిలబడి తన వంతు కోసం కాచుకుంది.

బోల్టులు రెండూ కావాలన్నారు చయనులు గారు. ఒకటి అసలు, రెండోది పోల్చి చూడటానికి. ఏసుపాదానికి ఫోను చేసింది త్రిమూర్తులే. రెండు రోజుల్లో తిరిగి పంపేస్తామని, అమావాస్యకు ఇంకా ఆరు రోజులుందని చెప్పాడు.

"మీరు అడిగితే కాదంటానేంటండి," అన్నాడు ఏసుపాదం. "తలుపు దించి గట్టు మీద పెడతానండి. తాటిమొద్దులు, ఇసక బస్తాలు అడ్డేత్తాను. రెండ్రోజులే కదండి."

బస్సు పార్శిలులో బోల్టులు వచ్చాయి. స్కాను చేయడానికి గంట పట్టింది. మిగిలిన అయిదు రోజులూ ఆవిష్కరణ ఏర్పాట్లకు పట్టాయి. పోల్చిచూసే ఉపసంఘం ఒకటి కూర్చుంది. బోల్టులకు గాజుపెట్టె చేయించారు. నమూనాకు పేరు పెట్టాలన్నప్పుడు హైమవతి "త్రిమూర్తులు ఒకటి" అని సూచించింది, ఆమోదించారు. అతను రెండుసార్లు చయనులు గారి గదికి వెళ్ళాడు, బోల్టులు వెనక్కి పంపడం గురించి అడుగుదామని. మొదటిసారి శాలువా ఏ రంగులో ఉండాలని చర్చ జరుగుతోంది. రెండోసారి ఆయనే ఎదురొచ్చి, మీ చిన్నప్పటి ఫొటో ఏదైనా ఉందా అని అడిగారు. ఉందన్నాడు. ఇంటికి వెళ్ళి వెతికాడు.

అమావాస్య నాడు ఉదయం సభ. ముఖ్య అతిథి మీట నొక్కగానే తెర మీద బోల్టు మెల్లగా తిరగడం మొదలుపెట్టింది. మరలన్నీ ఉన్నాయి. తల మీద సూరన్న సుత్తి పడ్డ చిన్న నొక్కు కూడా ఉంది. హైమవతి పక్కన స్కేలు పెట్టి చూపించింది. అంగుళం అంగుళంగానే ఉంది. హాలంతా చప్పట్లు కొట్టింది. శాలువా భుజాల మీద పడ్డప్పుడు త్రిమూర్తులు కళ్ళు చెమ్మగిల్లాయి. తన కుడి బొటనవేలు తొడ మీద ఏదీ గీయడం లేదని, ముప్ఫై ఏళ్ళలో మొదటిసారిగా ఊరుకుందని గమనించాడు. దాన్ని ప్రశాంతత అనుకున్నాడు.

పదకొండు గంటలకు, జీడిపప్పు పొట్లం చేతిలో ఉండగా, జేబులో ఫోను మోగింది.

ఏసుపాదం గొంతులో కోపం లేదు. బస్తాలు ఆగలేదండి అన్నాడు. పోటు తెల్లవారుజాము నుంచే ఎక్కువగా ఉందనీ, తొమ్మిదింటికి మొద్దులు కొట్టుకుపోయాయనీ, పాటు తీసినా నీళ్ళు ఇంకా పూర్తిగా పోలేదనీ చెప్పాడు. ఊళ్ళో ఆకుమళ్ళన్నీ మునిగాయి. తనది కూడా. తలుపు మాత్రం గట్టు మీద క్షేమంగా ఉందని, దానికేమీ కాలేదని ధైర్యం చెప్పాడు.

త్రిమూర్తులు గాజుపెట్టె వైపు చూశాడు. రెండు బోల్టులూ ఎర్రటి మఖమల్ గుడ్డ మీద పక్కపక్కన పడుకుని ఉన్నాయి. తాళంచెవి ఎవరి దగ్గరుందో అతనికి తెలియదు.

ఫోనులో ఏసుపాదం ఇంకేదో అడగాలనుకుని మొహమాటపడుతున్నట్టుంది.

"బొమ్మ బాగా వచ్చిందాండి?" అన్నాడు చివరికి.

తెర మీద బోల్టు తిరుగుతూనే ఉంది.

"వచ్చింది," అన్నాడు త్రిమూర్తులు.